ఇరవై ఒక్క నల్ల రేకులు

హైదరాబాదు
20-8-1987

చి. ల. సౌ. భ్రమరాంబకు ఆశీస్సులు.

నేను క్షేమంగా చేరాను. కాకినాడ నుంచి ఈ బదిలీ ఇంత హఠాత్తుగా వస్తుందని అనుకోలేదు. ఊరికి వచ్చి నిన్ను చూసి బయల్దేరే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఇక్కడ గది మేడ మీద రేకుల షెడ్డు. నిన్ను తీసుకురావడానికి కొంతకాలం పడుతుంది.

ఈ ఉత్తరం వెనకే ఒక పార్సిలు వస్తుంది. అందులో నల్లటి చదరపు అట్టలు ఏడు ఉంటాయి. వాటిని ఫ్లాపీలంటారు. కంప్యూటర్ తాలూకు వస్తువులు. ఇంకా రెండు పార్సిళ్ళు వస్తాయి, మొత్తం ఇరవై ఒకటి. వాటిని వంచకూడదు. తడి తగలకూడదు, ఎండ తగలకూడదు. మధ్యలో కిటికీలా కోసిన చోట లోపలి నల్ల రేకు కనిపిస్తుంది, అక్కడ వేలు పెట్టకూడదు. వాటి మీద పెన్నుతో రాయకూడదు. నెంబర్లు నేనే వేశాను.

నాన్నకి చూపించకు. ఆఫీసు సామాను, అంతకన్నా అడగకు. ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

నీ
బాలగంగాధరం


గట్టుపాలెం, కొత్తపేట దగ్గర
29-8-1987

శ్రీవారి పాదపద్మములకు భ్రమరాంబ నమస్కరించి రాయునది.

ఇక్కడ అత్తయ్యగారు, మామయ్యగారు, నేను క్షేమం. నా అక్షరాలు చూసి నవ్వకండి. మా ఆత్రేయపురం బడిలో ఐదో తరగతితో ఆపేశారు, ఆ తరవాత పచారీ చీటీలు తప్ప ఏమీ రాయలేదు.

పార్సిలు అందింది. ముందు గ్రామఫోను ప్లేట్లేమో అనుకున్నాను. అత్తయ్యగారు, "ఏంటమ్మాయ్ అవి, మూకుడు మీద మూతల్లా ఉన్నాయి?" అన్నారు. ఆఫీసు సామానండీ అన్నాను. "మా అబ్బాయి చేతి పనిముట్లన్నమాట" అని కళ్ళకద్దుకున్నారు. మామయ్యగారికి చూపించలేదు.

అమ్మ నాకు పూతరేకులు దాచుకోవడానికి ఇచ్చిన పెద్ద తగరపు డబ్బా ఉంది కదా, దాంట్లో పెట్టాను. అడుగున ఉప్పు మూట, పైన పొడి గుడ్డ. మా ఇంట్లో శ్రావణంలో కూడా రేకు మెత్తబడకుండా అలాగే ఉంచుతాం. వీటికీ అది సరిపోతుందనుకుంటాను.

దీనమ్మ ఈ వారం మూడు రోజులు కొబ్బరికాయలు ఒలవడానికి వచ్చింది. పోయిన ఏడు వరదకి చినలంకలో వాళ్ళ ఇల్లు పోయింది కదా, ఇప్పటికీ రేవు అవతల గట్టు మీద తాటాకుల కింద ఉంటున్నారు. మెరక మీద ఇళ్ళ స్థలాలిస్తారట, పట్టాలు ఇదిగో వస్తున్నాయి అదిగో వస్తున్నాయి అంటున్నారట. "వస్తే మా పేటంతా ఒక్కచోటే ఉంటామండి కోడలుగారూ" అని ఒకటే సంబరం.

అడగవద్దన్నారు. అయినా ఒక్క మాట. ఒక వస్తువుకి ఇరవై ఒక్క అట్టలెందుకండీ?

మీ
భ్రమరాంబ


హైదరాబాదు
9-9-1987

భ్రమరా,

మిగతా పద్నాలుగూ పంపించాను. లెక్క చూసుకో. ఉప్పు మూట ఆలోచన నాకు తట్టలేదు. బాగుంది.

నువ్వు అడిగినదానికి సగం జవాబు చెబుతాను. కాకినాడలో నేను పనిచేసిన కంప్యూటర్ కడుపులో చాలా పడుతుంది. ఈ అట్ట ఒక్కోదానిలో కొంచెమే పడుతుంది. కంప్యూటర్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఒకే పెద్ద మూటగా కట్టాను. ఆ మూట దేనిలోనూ పట్టదు కాబట్టి ఇరవై ఒక్క ముక్కలు చేశాను. ఒక్కో ముక్కలో ఒక్కో ఊరు ఉంటుందనుకోకు. ఒక మనిషి పేరు సగం ఐదోదానిలో, మిగతా సగం ఆరోదానిలో ఉండొచ్చు. విడిగా చూస్తే దేనికీ అర్థం లేదు. ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా వరుసగా పెడితేనే మళ్ళీ మూట అవుతుంది. ఒక్కటి పాడైనా తక్కిన ఇరవై ఉండి లాభం లేదు.

అందుకే ఇంత జాగ్రత్త చెప్పడం. దీన్ని కూడా చింపెయ్యి.

నీ
బాల


గట్టుపాలెం
4-10-1987

శ్రీవారికి నమస్కారములు.

ఎలా రాయాలో తెలియడం లేదు. మీరు నన్ను తిట్టినా పడతాను.

ఆయుధపూజ నాడు అత్తయ్యగారు ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టుకీ బొట్టు పెట్టారు. కత్తిపీట, రోకలి, మామయ్యగారి సైకిలు, కొబ్బరికాయలొలిచే గునపం. నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. వచ్చి చూసేసరికి నా డబ్బా దేవుడి గూటి ముందు మూత తీసి ఉంది. ఒక అట్ట పైకి తీసి, కాగితం సంచిలోంచి లాగి, తడి కుంకుమ పెట్టేశారు. ఎక్కడో తెలుసా? మీరు వేలు పెట్టొద్దన్న ఆ కిటికీ మీదే.

"అయ్యో అత్తయ్యగారూ, అది ముట్టుకోకూడదండీ!" అన్నాను.

"ముట్టుకోకపోతే బొట్టెలా పెడతానే? కత్తికి పెట్టి వాడి పనిముట్టుకి పెట్టకపోతే ఎలాగే, వాడికి అచ్చిరావద్దూ? అన్నిటికీ పెడదామంటే కుంకుమ అయిపోయింది. ఒక్కదానికి పెడితే అన్నిటికీ పెట్టినట్టే, ఏం పర్లేదు."

ఆవిడ ఎంతో ప్రేమగా పెట్టారు. అది తొమ్మిదో నెంబరుది. కుంకుమ లోపలి రేకుకి అంటుకుని ఎండిపోయింది. నేను దాన్ని కదపలేదు.

ఇంకొకటి. కొత్తపేటలో ఆఫీసు గోడకి ఇళ్ళ స్థలాల జాబితా అంటించారట. దీనమ్మ, తన పెద్దకొడుకు సాలమోను వెళ్ళి చదివించుకున్నారు. చినలంక పేరే లేదట. అరవై నాలుగు ఇళ్ళలో ఒక్కటీ లేదు. దీనమ్మ మా వసారాలో కూలబడిపోయింది. "జోజి మాస్టారు వరద తియ్యకముందే పడవ మీద వచ్చేరండి. ఇంటింటికీ వచ్చి రాసుకున్నారండి. నా గేదెని కూడా రాసుకున్నారు. ఇప్పుడు ఆ కాగితాలు తడిసిపోయేయంటన్నారండి" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పోయిన ఏడు కాకినాడ నుంచి వచ్చినప్పుడల్లా మీ వేళ్ళు నొప్పులనేవారు. వరదలో పోయిన ఇళ్ళ వివరాలన్నీ మిషన్‌లో ఎక్కిస్తున్నామనేవారు.

మీరు కట్టిన మూటలో ఉన్నది అదేనా?

మీ
భ్రమరాంబ


హైదరాబాదు
12-10-1987

భ్రమరా,

అవును, అదే.

జోజి మాస్టారి లాంటి బడిపంతుళ్ళు రాసుకొచ్చిన కాగితాలన్నీ చూసి మేం ముగ్గురం నాలుగు నెలలు టైపు చేశాం. మనిషి పేరు, ఇల్లు ఎలాంటిది, ఎంతమంది, రాసుకున్న మాస్టారెవరు, ఏ తారీఖు, అన్నీ ఉన్నాయి. ఆగస్టు మొదట్లో పైనుంచి వేరే జాబితా వచ్చింది. అది ఎక్కించి, పాతది తీసెయ్యమన్నారు. పాతది చెరిపే ముందు సాయంత్రం, అందరూ వెళ్ళాక, కంప్యూటర్‌లో ఉన్నదంతా ఫ్లాపీల్లోకి ఎక్కించాను. వారం తిరక్కుండా ఇక్కడికి పంపేశారు. ఇక్కడ నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనకాల ఎవరో ఒకరు నిలబడుతున్నారు. కాబట్టి తొమ్మిదోదాన్ని నాకు పంపకు. నేను చూడలేను.

అమ్మని ఏమీ అనకు. తొమ్మిదోదాన్ని కడగొచ్చు. ఎక్కడో చదివాను, చేసి చూడలేదు. ఈ పార్సిల్లో ఒక ఖాళీ కొత్త ఫ్లాపీ పంపిస్తున్నాను. కొత్త బ్లేడుతో రెండింటి తొడుగూ పై అంచున కొయ్యి. పాతదాని లోపలి రేకు బయటికి తియ్యి. అది గుండ్రంగా, చాలా పల్చగా ఉంటుంది. ముడత పడితే పోయినట్టే. పై వైపు ఏదో, కింద వైపు ఏదో మారకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళలో కడిగి, రుద్దకుండా ఆరబెట్టి, కొత్త తొడుగులోకి జార్చాలి.

నీకు భయంగా ఉంటే వద్దు. చేతకాక చెడగొట్టడం కన్నా అలా ఉంచేయడమే మేలు. మిగతా సంగతి నేను ఆలోచిస్తాను.

బాల


గట్టుపాలెం
25-10-1987

శ్రీవారికి,

కడిగేశాను.

చేతకాక చెడగొట్టడం అని రాశారు. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. నేను తొమ్మిదేళ్ళప్పటి నుంచి కుండ మీద రేకు తీసిన దాన్నండీ. మీ నల్ల రేకు మా రేకు కన్నా మందం. మా రేకు ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది, గోరు తగిలితే చిరిగిపోతుంది. అమ్మ నాకు నేర్పిన మొదటి సంగతి, రేకుని వేళ్ళతో పట్టుకోకు, అరచేతి మీదకి రానీ అని.

మధ్యాహ్నం అత్తయ్యగారు పక్కింటికి వెళ్ళాక వంటింటి తలుపు వేశాను, గాలి రాకుండా. తొడుగు కోసి, వంచి, రేకుని దానంతట అదే నా అరచేతి మీదకి జారనిచ్చాను. తిప్పలేదు. తిప్పకపోతే పైవైపు ఎప్పుడూ పైవైపే కదా. పళ్ళెంలో నీళ్ళు పోసి దాని మీద తేల్చాను. కుంకుమ మెల్లగా వదిలింది, నీళ్ళు గులాబీ రంగయ్యాయి. మూడు పళ్ళేలు మార్చాను. తరవాత ఉతికిన పాత మల్లు గుడ్డ పరిచి దాని మీద పెట్టి, పైన ఇంకో గుడ్డ వాల్చాను. రుద్దలేదు. పూర్తిగా ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. అన్నం అడుగంటింది. ఇప్పుడది కొత్త తొడుగులో ఉంది. మీ నెంబరు చీటీ కూడా ఊడదీసి అంటించాను. బాగైందో లేదో కంప్యూటరే చెప్పాలి. నా పని మాత్రం నేను చేశాను.

ఇంకో పని కూడా చేశాను. దీనమ్మతో కొత్తపేట వెళ్ళాను. అత్తయ్యగారితో చెప్పే వెళ్ళాను, జాబితా చదవడానికి వెళ్తున్నానని. ఈ ఊరొచ్చాక మీరు గాని, మామయ్యగారు గాని లేకుండా బస్సెక్కడం అదే మొదలు. దీనమ్మ టికెట్టు అడుగుతుంటే నేను ఆవిడ వెనకాల దాక్కున్నాను.

గోడ మీద ఆరు కాగితాలున్నాయి. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాను. జోజి మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. ఈ పేర్లు వేటినీ నేను రాయలేదమ్మా అన్నారు. నాలుగో కాగితంలో, పై నుంచి ఏడో వరసలో, బుచ్చిరాజు, గట్టుపాలెం అని ఉంది. పక్కన, మట్టి ఇల్లు, పూర్తిగా కొట్టుకుపోయినది అని ఉంది.

మన ఊళ్ళో బుచ్చిరాజు గారంటే ఒక్కరే. నేను ఈ ఉత్తరం ఆ కొట్టుకుపోయిన ఇంటి డాబా మీద కూర్చుని రాస్తున్నాను.

దీనమ్మకి చదువు రాదు. "ఎవరెవరి పేర్లున్నాయండి?" అని అడిగింది. ఏం చెప్పమంటారు? చెప్పాను. మా మామయ్యగారి పేరుంది అని చెప్పాను. ఆవిడ బస్సులో నాకు కిటికీ పక్కన చోటిచ్చి తను నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మీరు టైపు చేసేవారు కదా. ఈ పేరు మీకు తెలుసా, తెలియదా? ఒక్క మాట రాయండి చాలు.

భ్రమరాంబ


హైదరాబాదు
6-11-1987

భ్రమరాంబకు,

తెలుసు.

నీకు చెప్పకూడదనే చెప్పలేదు. కొత్త జాబితాలో నాన్న పేరు వచ్చింది. టైపు చేసింది నేనే. చెయ్యనని లేచి రావాల్సింది, రాలేదు. ఆ సాయంత్రమే పాతదాన్ని ఫ్లాపీల్లోకి ఎక్కించాను. ఎవరికోసం ఎక్కించానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

నువ్వు కొత్తపేట వెళ్ళడం నాకు నచ్చలేదు. దీనమ్మకి ఆ సంగతి చెప్పడం ఇంకా నచ్చలేదు. నాన్న ఏం చేసినా మన కోసమే చేశారు. ఆ ఫ్లాపీలు బయటపడితే నాన్న పదిమందిలో తలెత్తుకోలేరు. తెచ్చింది నేనని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. నీకు అర్థం కావలసింది ఇంతే.

వాటిని కాలవలో పడెయ్యి. ఇరవై ఒకటీ. ఉత్తరాలన్నీ చింపెయ్యి. పడేశానని ఒక కార్డు ముక్క రాయి.

బాలగంగాధరం


గట్టుపాలెం
17-11-1987

బాలగంగాధరం గారికి,

పడెయ్యలేదు. పడెయ్యను.

అడ్రసులో తప్ప మీ పేరు రాయడం ఇదే మొదటిసారి.

మీరు నాకు రాసిన రోజే మామయ్యగారికి కూడా రాశారట. ఆ ముక్క నాకు రాయలేదు. మొన్న భోజనాలయ్యాక ఆయన వసారాలో నిలబడి పిలిచారు.

"అమ్మాయ్, అబ్బాయి పంపిన నల్ల అట్టలేవో నీ దగ్గరున్నాయంట. తగరపు డబ్బాలో పెట్టేవంట. ఇటియ్యి."

ఈ ఇంటికొచ్చి రెండేళ్ళవుతోంది, నేను ఆయనకి ఎదురుగా నిలబడి ఎప్పుడూ మాట్లాడలేదు. తలుపు వెనక నుంచి ఆయ్, అలాగేనండి అనడమే. డబ్బా తెచ్చి చేతికిచ్చాను. ఆయన తిన్నగా ఇంటి ముందు కాలవ గట్టుకి నడిచారు, వెనకాలే నేనూ. విసిరేసే ముందు మూత తీసి చూశారు.

"ఇవేంటి?"

"పూతరేకులండీ. మా అమ్మ పంపింది. తీసుకోండి."

అత్తయ్యగారు గుమ్మంలోంచి, "కాలవ గట్టు మీద నిలబడి తింటారేంటండీ, చూసేవాళ్ళు నవ్విపోతారు, లోపలికి రండి" అన్నారు. ఆవిడకి ఇదేమీ తెలియదు. ఆయన వసారాలోకి తిరిగొచ్చి, డబ్బా నా ముందు పెట్టి, "ఆ అట్టలెక్కడ?" అన్నారు.

"చినలంక వాళ్ళ దగ్గరున్నాయండి."

"ఎవరింట్లో?"

"ఇరవై ఇళ్ళల్లో ఉన్నాయండి."

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే పంపేశాను. దీనమ్మ కొబ్బరి డొక్కల బుట్ట అడుగున పెట్టుకుని నాలుగు రోజుల్లో రేవు దాటించింది. ఇంటికొకటి. తాటాకుల కింద తడవకుండా ఎక్కడ దాస్తారు అని అడిగాను. బైబిలు మధ్యలో పెట్టారట. ఆ పుస్తకాలు గుడ్డలో చుట్టి దూలానికి కట్టిన పెట్టెల్లో ఉంటాయి. వరదలో కూడా నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్న పుస్తకాలు. వంగవు, తడవవు. వాటికి కుంకుమ పెట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు. మామయ్యగారు ఆ పేటలోకి అడుగు పెట్టరు. అంతకన్నా మంచి తాళం నాకు ఎక్కడ దొరుకుతుంది?

ఆయన కుర్చీలో కూర్చున్నారు. తరవాత మెత్తగా, "ఆ స్థలం నాకోసమా అమ్మాయ్? రేపు నీ పిల్లలకే గదా" అన్నారు.

"నా పిల్లలకి వద్దండీ" అన్నాను. లేని పిల్లల తరఫున మాట ఇచ్చేశాను. మీరు కూడా దానికి కట్టుబడాలి.

తొమ్మిదోది మాత్రం నా దగ్గరే ఉంది. కడిగింది నేను, దాని మంచిచెడ్డలు నావే. ఎక్కడుందో మీకు రాయను. మీకు రాస్తే మామయ్యగారికి తెలుస్తుంది.

మీ ఉద్యోగం సంగతి ఆలోచించానండి. ఆలోచించలేదనుకోకండి. ఉద్యోగం పోతే మా ఊళ్ళో రేకులు తీసి బతుకుతాను, మీరు కుండ కింద కొబ్బరాకు మంట పెడుదురుగాని. కాని అరవై నాలుగు ఇళ్ళు గట్టు మీద ఉంటే, వాళ్ళ చోట మనం పునాది వేసుకుని, దీనమ్మ వచ్చి ఆ ఇంట్లో కాయలు ఒలుస్తుంటే నేను కూర్చుని లెక్క చూసుకోవడం నా వల్ల కాదు.

రాజమండ్రిలో అన్నపూర్ణ గారని ఒకావిడ కంప్యూటర్ నేర్పుతారట. జోజి మాస్టారికి తెలుసు. డిసెంబరు ఐదో తారీఖున ఇరవై ఒకటీ అక్కడికి చేరతాయి. మూట ఎలా విప్పాలో మీకు తెలుసు. మీరు వస్తే రండి, రాకపోతే విప్పే పద్ధతి రాసి పంపండి. అదీ పంపకపోతే మేమే కూర్చుని ఎన్ని రోజులైనా చూసుకుంటాం.

భ్రమరాంబ


హైదరాబాదు
28-11-1987

భ్రమరాంబా,

నాన్నకి రాసింది నిజమే. నీతో చెప్పి ఒప్పించలేనని తెలిసి, ఆయనైతే లాక్కుంటారని రాశాను. ఇంతకన్నా చిన్నతనం ఏమీ లేదు.

సెలవు అడిగాను, ఇవ్వలేదు. నేను రాలేను. దీంతో రెండు కాగితాలున్నాయి. మొదటిది అన్నపూర్ణ గారికి. కంప్యూటర్‌కి ఏ ఆజ్ఞ టైపు చెయ్యాలో, అది ఒక్కో ఫ్లాపీ అడిగినప్పుడు ఏం చెయ్యాలో వరుసగా రాశాను. ఖాళీ కంప్యూటర్ కావాలి, వాళ్ళ వివరాలు ఉన్నదాంట్లో పెట్టొద్దని చెప్పు, అవి చెరిగిపోతాయి. తొమ్మిదోది చదవలేనంటే వెంటనే తియ్యకు, మళ్ళీ ప్రయత్నించమను. మూడుసార్లు.

రెండోది కాకినాడలో పెద్ద ఆఫీసరుగారికి. ఈ వివరాలు ఫలానా తారీఖున నేనే ఫలానా కంప్యూటర్ నుంచి నా చేతులతో ఎక్కించానని, కొత్త జాబితా కూడా నేనే టైపు చేశానని రాశాను. కింద నా పూర్తి పేరు, ఉద్యోగం, సంతకం ఉన్నాయి. నా సంతకం లేకపోతే ఆ ఫ్లాపీలు ఎక్కడివని అడిగితే మీరు చెప్పలేరు. ఇది చింపవద్దు.

మంట పెట్టడం నాకు రాదు. నేర్పాలి.

బాలగంగాధరం


గట్టుపాలెం
20-12-1987

ఏమండీ,

మీరు ఆత్రంగా ఎదురుచూస్తుంటారని తెలుసు. జాబితా చేతికొచ్చాక, ఆఫీసరుగారు మన ఊరికి వచ్చి వెళ్ళాకే రాద్దామని ఆగాను.

ఐదో తారీఖు పొద్దున్న చినలంక రేవు నుంచి ఇరవై మంది వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. బైబిలు చంకలో పెట్టుకుని, తెల్లచీరలు కట్టుకుని. అన్నపూర్ణ గారు గుమ్మంలోనే ఆపి, "ప్రార్థన పక్క వీధిలోనండీ" అన్నారు. జోజి మాస్టారు నవ్వి సంగతి చెప్పారు. మీ కాగితం చదువుకుని ఆవిడ ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఒకటో నెంబరు సాలమోను ఇచ్చాడు. కంప్యూటర్ దాన్ని మింగి రెండోది అడిగింది. అలా ఒక్కొక్కరే బైబిలు తెరిచి, అట్ట తీసి ఇచ్చి, పక్కకి జరిగారు. ఎనిమిది దాకా గబగబా అయిపోయింది.

తొమ్మిదోది ఎక్కడుందో ఇప్పుడు రాస్తాను. మన పెళ్ళి ఫోటో వెనక, అట్టకీ చెక్కకీ మధ్యన. మామయ్యగారు రోజూ దాని కింద పడక్కుర్చీలోనే కూర్చుని నా మీద కోపంగా పేపరు చదివేవారు.

తొమ్మిదోది పెట్టగానే కంప్యూటర్ కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. అన్నపూర్ణ గారు, "చదవలేకపోతోందండీ" అన్నారు. మళ్ళీ అడగండి అన్నాను. మళ్ళీ అంతే. దీనమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో, "ఏంటండీ, కుంకుమ పోలేదాండీ?" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పోయింది, నేనే పోగొట్టాను, మూడోసారి అడగండి అన్నాను.

ఈసారి చాలాసేపు కిర్రుకిర్రుమంది. ఆ తరవాత అన్నపూర్ణ గారు వెనక్కి తిరిగి, "పదోది ఎవరి దగ్గరుందండీ?" అన్నారు. అందరూ ఒక్కసారే అరిచారు. పదోది పట్టుకున్న ఆవిడకి కంగారులో బైబిలు తెరుచుకోలేదు.

జాబితా అచ్చవుతుంటే జోజి మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "ఇవి నేను రాసినవే, వరుస కూడా నా పడవ వెళ్ళిన వరుసే" అన్నారు. దీనమ్మ గారి వరస నేను చదివి వినిపించాను. పూరిల్లు, నలుగురు మనుషులు, ఒక గేదె, ఏమీ మిగలలేదు. "మిగల్లేదని రాసుకున్నది మిగిలిందండి" అన్నారావిడ. గట్టుపాలెం కాగితం కూడా వచ్చింది. దానిలో బుచ్చిరాజు గారి పేరు లేదు.

అరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ వేలిముద్రలు, సంతకాలు పెట్టి, మీ కాగితం జతచేసి కాకినాడలో పెద్ద ఆఫీసరుగారికి ఇచ్చారు. ఫ్లాపీలు తెచ్చినవాళ్ళంతా విడిగా ఇంకో కాగితం మీద నెంబరు వరసన సంతకాలు పెట్టారు. తొమ్మిదో వరసలో నాది.

పట్టాలివ్వడం ఆపేశారు. రెండు జాబితాలూ పట్టుకుని ఇంటింటికీ తిరిగి చూడమన్నారు. మొన్న ఒక ఆఫీసరుగారు ఇద్దరు గుమస్తాలతో మన వీధిలోకి వచ్చారు. మామయ్యగారు అప్పుడే పెరట్లోకి వెళ్ళిపోయారు. అత్తయ్యగారు వసారాలో ఉన్నారు.

"బుచ్చిరాజు గారి ఇల్లు ఎక్కడండీ?"

"ఇదేనండీ. రండి, మజ్జిగ పుచ్చుకుందురుగాని."

"ఇది కాదండీ. వరదకి కొట్టుకుపోయిన మట్టి ఇల్లు."

"కొట్టుకుపోవడమేంటండీ, శుభమాని!" అన్నారు అత్తయ్యగారు. "మా మావగారు కట్టించిన డాబా ఇది. వరదకి మా మెట్టు కూడా తడవలేదు. కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడగండి, ఆయ్."

ఆఫీసరుగారు డాబా వంక చూసి, కాగితం వంక చూసి, ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశారు. మజ్జిగ తాగే వెళ్ళారు. చినలంక పేర్లు పాత జాబితా ప్రకారమే ఉంచుతామని గట్టు మీద అందరి ముందూ చెప్పారట. పట్టా చేతికొచ్చేదాకా దీనమ్మ గారు తమ అట్టని మళ్ళీ బైబిల్లోంచి తియ్యనన్నారు. తియ్యొద్దని నేనూ చెప్పాను.

మామయ్యగారు నాతో మాట్లాడటం లేదు. నేను వడ్డిస్తే తింటున్నారు. నిన్న మాత్రం కంచం ముందు కూర్చుని, "ఆ ఉత్తరాలైనా ఉన్నాయా, చింపేసేవా?" అని గోడతో అన్నట్టు అన్నారు.

ఉన్నాయండి అన్నాను. మీరు చింపమన్నవి ఒక్కటీ చింపలేదు. తగరపు డబ్బాలో తారీఖుల వరసన పెట్టాను, అడుగున ఉప్పు మూటతో. ఆయన అడిగారు. ఇవ్వలేదు. రేపు మీ మీద విచారణ అంటే, మీరు ఏ రోజు ఏం చేశారో, ఏ రోజు భయపడ్డారో, ఏ రోజు సంతకం పెట్టారో చెప్పేవి అవే.

నావి మీ దగ్గరున్నాయి. వచ్చేటప్పుడు అన్నీ పట్టుకురండి. ఒక్కటి కూడా అక్కడ వదిలెయ్యొద్దు. సగం చదివితే ఎవరికీ ఏమీ తెలియదు.

భ్రమరాంబ